షిప్పెక్కే ముందు మీ అత్తగారికీ మావగారికీ చెప్పాల్సిన మాటలు

అమ్మడూ,

మొన్న ఫోన్లో అన్నీ గబగబా చెప్పేశావు. బార్సిలోనాలో ఎక్కి మళ్ళీ అక్కడే దిగే ఏడు రాత్రుల ప్రయాణమనీ, మధ్యలో మార్సెయ్, జెనోవా, రోమ్, నేపుల్స్ చూస్తారనీ, మీ అత్తగారినీ మావగారినీ కూడా తీసుకెళ్తున్నారనీ. చాలా సంతోషం. వీసా, ఇన్సూరెన్సు, సామాన్ల సంగతి మీ ఆయన చూసుకుంటాడు. నేను రాస్తున్నది మనుషుల గురించి. మన ఉద్దానం కుర్రాళ్ళు చాలామందిలాగే నేనూ చిన్న వయసులో సీడీసీ, అంటే ఓడ పనివాళ్ళ గుర్తింపు పుస్తకం, చేయించుకుని సముద్రం మీదికి పోయినవాణ్ణే, కాకపోతే వాళ్ళు సరుకు ఓడలెక్కితే నేను ప్రయాణికుల ఓడల్లో కేబిన్లు సర్ది, ఆ తర్వాత డైనింగ్ హాల్లో వడ్డించి రిటైరయ్యాను. నానా దేశాలవాళ్ళూ వారం రోజులు ఒకే కప్పు కింద తిని పడుకుంటే ఎవరి మనసు ఎక్కడ నొచ్చుకుంటుందో దగ్గరుండి చూశాను. చెడ్డవాళ్ళ వల్ల నొచ్చుకున్నవాళ్ళు తక్కువ. ఎదుటివాడు మర్యాదగానే చేసిన పనిని మన ఊరి లెక్కతో కొలిచి, "వీడికెంత పొగరు" అనుకుని ముఖం ముడుచుకున్నవాళ్ళే ఎక్కువ. నువ్వూ మీ ఆయనా బెంగళూరులో ఉద్యోగాలు చేసినవాళ్ళు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. పెద్దవాళ్ళిద్దరికీ మాత్రం ఇవన్నీ ముందే, ఇంట్లో తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పు. షిప్పెక్కాక చెబితే తప్పు పట్టినట్టుంటుంది.

ముందు ఆ షిప్పుల తీరు తెలుసుకో. మధ్యధరా సముద్రంలో తిరిగేవాటిలో, ముఖ్యంగా ఇటలీ పద్ధతిలో నడిచేవాటిలో, అందరూ ఒకే రేవులో ఎక్కరు. బార్సిలోనాలో స్పెయిన్ వాళ్ళు, మార్సెయ్‌లో ఫ్రాన్సు వాళ్ళు, జెనోవాలో ఇటలీ వాళ్ళు ఎక్కుతారు, ఎవరి వారం పూర్తయితే వాళ్ళు తమ రేవులో దిగిపోతారు. అందుకే మైకులో ఒక్క సంగతే నాలుగైదు భాషల్లో చెబుతారు. కాబట్టి అందరికీ కలిపి ఇదీ ఇక్కడి ఆచారం అని ఒకటుండదు. నేను కింద రాసేవి కూడా ఎక్కువమందిలో చూసినవి, ప్రతి మనిషీ అచ్చం అలాగే ఉంటాడని కాదు.

మీ మావగారు హెడ్మాస్టరుగా చేసిన మనిషి. చీపురుపల్లిలో ఆయన ఎదురైతే బండి ఆపి నమస్కారం పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అలాంటాయన్ని షిప్పులో మనవడి వయసు కుర్రాడు భోజనాల బల్ల దగ్గర పేరు పెట్టి పిలుస్తాడు, వెనక గారూ ఉండదు, ముందు సారూ ఉండదు. ఆయనకి అది గుచ్చుకుంటుంది, పైకి చెప్పరు, మర్నాడు ఆ బల్ల దగ్గరికి రానంటారు. అలా పిలవడం వాళ్ళకి చనువిచ్చి దగ్గరకి తీసుకోవడమని, వాళ్ళ సొంత మావగారిని కూడా చాలా ఇళ్ళల్లో అలాగే పిలుస్తారని చెప్పు. ఇంకో వైపు నుంచి చూస్తే, ఎనభై ఏళ్ళ ముసలావిడ చేతికర్ర పట్టుకుని మెట్లెక్కుతుంటే మీ అత్తగారు ఒక్క అంగలో వెళ్ళి జబ్బ పట్టుకుంటారు, మన దగ్గర అలా పట్టుకోకపోతేనే తప్పు. అక్కడ మాత్రం ముందు "సాయం చేయనా" అని అడగాలి. చాలామంది వద్దంటారు, తమ పని తాము చేసుకోగలగడం వాళ్ళకి పెద్ద గౌరవం. వద్దన్నారని చిన్నబుచ్చుకోవద్దని చెప్పు.

దూరం సంగతి కూడా అంతే. పైడితల్లి సిరిమానోత్సవంలో భుజానికి భుజం రాసుకుంటూ నడిచినా మనకి ఏమీ అనిపించదు, అక్కడ లిఫ్టులో మోచెయ్యి తగిలినా సారీ చెప్పుకుంటారు. వరసలో నిలబడితే ముందున్నవాడికీ మనకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండనివ్వాలి, ఆ ఖాళీలోకి మనం దూరకూడదు. అమెరికావాళ్ళు లిఫ్టులో నవ్వి "హౌ ఆర్ యూ" అంటారు, దానికి మోకాళ్ళ నొప్పుల కథ చెప్పక్కర్లేదు, "ఫైన్, థాంక్యూ" అని తిరిగి నవ్వితే చాలు. జర్మనీ వాళ్ళో ఫిన్లాండు వాళ్ళో అయితే తెలియని మనిషితో నవ్వకుండా, మాట్లాడకుండా నిలబడొచ్చు, అందులో కోపమేమీ లేదు. ఇటలీ వాళ్ళతో బాగా పరిచయమైతే దిగిపోయే రోజు బుగ్గకి బుగ్గ ఆనించి వీడ్కోలు చెబుతారు. మీ అత్తగారికి ఇబ్బందిగా ఉంటే ఒక అడుగు ముందే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టమను. ఆ నమస్కారం అందరికీ తెలుసు, సంతోషంగా తిరిగి పెడతారు.

జీతమెంత, పిల్లలెంతమంది, ఎందుకు లేరు, పెళ్ళెందుకు చేసుకోలేదు, ఈ ప్రశ్నలు అస్సలు వద్దు. మనం ఆప్యాయంగానే అడుగుతాం, వాళ్ళకి మాత్రం తలుపు కొట్టకుండా లోపలికొచ్చినట్టు అనిపిస్తుంది. పక్క కేబిన్లో ఇద్దరు మగవాళ్ళు జంటగా ఉన్నా ఆరా తియ్యొద్దు. ఏ ఊరు, అక్కడ ఏం పండుతుంది, ఏం వండుకుంటారు అని అడగమను, మీ మావగారికి వ్యవసాయం తెలుసు కాబట్టి గంటలు గంటలు మాట్లాడొచ్చు. ఆలివ్ తోటలున్న ఇటలీ రైతూ, పొలమున్న మన మాస్టారూ వచ్చీరాని ఇంగ్లీషులో వానల గురించి మాట్లాడుకుంటే ఇంకెవరూ మధ్యలోకి వెళ్ళక్కర్లేదు.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది పిల్లల విషయం. నేను వడ్డించే రోజుల్లో ఒక ట్రిప్పులో మన తెలుగు పెద్దావిడ ఒకరు వచ్చారు, చాలా మంచి మనిషి. పక్క బల్ల దగ్గర నాలుగేళ్ళ ఇంగ్లండు పాప రోజూ ఆవిణ్ణి చూసి చెయ్యి ఊపేది. మూడో రోజు రాత్రి ఆవిడ సంచిలోంచి జీడిపప్పు పాకం ముక్క తీసి, లేచి వెళ్ళి, పాప చేతిలో పెట్టింది. వాళ్ళమ్మ ఒక్క ఉదుటున ఆ ముక్క లాగేసి, నాప్‌కిన్ తడిపి పాప వేళ్ళు ఒక్కొక్కటిగా తుడిచింది, అరచెయ్యి తుడిచింది, మూతి తుడిచింది. మన పెద్దావిడ అక్కడే నిలబడిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. తన చేతి తిండిని అసహ్యించుకున్నారనే అనుకుంది, ఆ స్థితిలో ఎవరైనా అలాగే అనుకుంటారు. కాసేపటికి పాప తండ్రి వచ్చి, బ్యాగులోంచి పెన్ను లాంటి ఇంజెక్షన్ తీసి చూపించాడు. పాపకి గింజల అలర్జీ. జీడిపప్పు, పిస్తా, వాల్‌నట్ లాంటివి ఏ కాస్త నోట్లో పడినా గొంతు వాచి ఊపిరాడదు, అప్పుడు తొడలో ఆ ఎడ్రినలిన్ ఇంజెక్షన్ పొడవాలి. నేను తెలుగులో చెబితే అప్పుడు ఆవిడకి అర్థమైంది, ఆ తల్లి చేతులు పట్టుకుని ఏడ్చేసింది. అందుకే చెబుతున్నాను, పలాస జీడిపప్పు మనకి ఎంత గొప్పదైనా సరే, తల్లిదండ్రుల్ని అడగకుండా పరాయి పిల్లల చేతిలో ఏదీ పెట్టకూడదు. బుగ్గ గిల్లకూడదు, ఎత్తుకోకూడదు, ఫొటో తియ్యకూడదు. పెద్దవాళ్ళకైతే ఇందులో జీడిపప్పు ఉందని ముందు చెప్పి ఇవ్వొచ్చు.

తిండి దగ్గర టైముల గొడవ ఒకటి. జర్మనీ వాళ్ళకి ఆరింటికే రాత్రి భోజనం అయిపోవాలి, స్పెయిన్ వాళ్ళు తొమ్మిదీ పది దాటితే కానీ కూర్చోరు. అందుకే చాలా షిప్పుల్లో రాత్రి భోజనానికి రెండు వరసలు, ముందొకటి, ఆలస్యంగా ఒకటి, పెడతారు. మీ మావగారికి షుగరు మాత్రలు ఉన్నాయి కాబట్టి బుక్ చేసేటప్పుడే మొదటి వరస అడుగు. చేత్తో తినడానికి మొహమాటపడొద్దు, శుభ్రంగా వేళ్ళ కొసలతో తింటే ఎవరూ ఏమీ అనరు. బఫే దగ్గర మాత్రం దేన్నీ చేత్తో ముట్టుకోకూడదు, పటకారుతోనే తియ్యాలి, తిన్న ప్లేటుతో రెండోసారి వెళ్ళకూడదు. గుమ్మం దగ్గర ఒకమ్మాయి నిలబడి చేతులు కడుక్కోమని అందరికీ చెబుతూ ఉంటుంది, మనల్నే అంటోందని అనుకోవద్దు. షిప్పుల్లో నోరోవైరస్ వస్తే వాంతులు, విరేచనాలతో వందలమంది పడిపోతారు, దానికి శానిటైజర్ సరిగా పనిచెయ్యదు, సబ్బూ నీళ్ళే కావాలి.

మీ అత్తగారి శాకాహారం సంగతి: వెజిటేరియన్ అని ఒక్క ముక్క చెబితే సరిపోదు. గుడ్డు, చేప, మాంసం ఉడికించిన నీళ్ళు వద్దని విడివిడిగా చెప్పాలి. ఇటలీ పార్మిజాన్ చీజులో దూడ కడుపులోంచి తీసే రెన్నెట్, అంటే పాలు విరగ్గొట్టే పదార్థం, వేస్తారు, అది కూడా చెప్పు. హెడ్ వెయిటర్‌తో ముందు రోజు రాత్రే మాట్లాడుకుంటే మర్నాడు పప్పూ అన్నమూ దొరికే అవకాశం ఎక్కువ. ఇంకోటి, మనం అవునంటూ తల అటూ ఇటూ ఊపుతాం కదా, వాళ్ళకది కాదన్నట్టు కనిపిస్తుంది, నోటితో "యెస్" అనమను. ఏది అడిగినా "ప్లీజ్" ఉండాలి. మన మాటలో మర్యాద "అండీ"లోనే ఉంటుంది, అది ఇంగ్లీషులోకి రాదు, "వాటర్!" అని మాత్రమే వినిపిస్తుంది.

వడ్డించేవాళ్ళని చిటికె వేసి, "ష్" అని పిలవడం నాకు చాలా బాధ కలిగించేది, అది ఏ దేశంవాడు చేసినా. వాళ్ళ చొక్కా మీద పేరూ దేశమూ రాసి ఉంటాయి. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, గోవా, కేరళ, ఒక్కోసారి మన సోంపేట కుర్రాడు కూడా. ఆరు నెలలు, తొమ్మిది నెలలు ఇల్లు చూడకుండా పనిచేసేవాళ్ళు. పేరు చదివి పిలవమను. "మాతో కూర్చుని తిను బాబూ" అని బలవంతం చెయ్యొద్దు, డ్యూటీలో ఉన్నవాడు కూర్చోకూడదు.

కేబిన్లో దీపం, అగరొత్తి, కర్పూరం ఏవీ వెలిగించకూడదు. మీ అత్తగారికి దీపం పెట్టనిదే కాఫీ దిగదని నాకు తెలుసు, అందుకే బ్యాటరీ దీపం కొనిపెట్టు. నడి సముద్రంలో నిప్పుని మించిన భయం లేదు, ఆ విషయంలో ఏ మతంవాళ్ళకీ మినహాయింపు ఉండదు. ఇస్త్రీ పెట్టె, కెటిల్, కరెంటు కుక్కర్ కూడా వద్దు, స్కానింగులో తీసి పక్కన పెట్టేస్తారు. కేబిన్ గోడలు పలచన, వీడియో కాల్స్ స్పీకర్లో పెట్టి మాట్లాడితే పక్కవాళ్ళకి నిద్రుండదు. మీ మరిదితో మాట్లాడాలంటే ఇయర్‌ఫోన్ పెట్టుకోమను.

పూల్ దగ్గర ఆడవాళ్ళు బికినీల్లో ఎండలో పడుకుని ఉంటారు, అందులో వాళ్ళకి సిగ్గూ లేదు, ఎవరినో పిలవడమూ లేదు. అటు ఫోన్ తిప్పి వీడియో తియ్యకూడదు, షిప్పు వీడియో అయినా సరే. చీరతో, లుంగీతో నీళ్ళలోకి దిగనివ్వరు. కుర్చీల మీద పొద్దున్నే తువ్వాళ్ళు పరిచి పోయి మధ్యాహ్నం వచ్చేవాళ్ళతో రోజూ గొడవలే, మీరు అందులో తలదూర్చకండి, సిబ్బందికి చెబితే వాళ్ళే తీస్తారు.

మొదటి రోజు లైఫ్‌జాకెట్ డ్రిల్ ఉంటుంది. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే చెప్పిన చోటికి వెళ్ళాలి. కొంతమంది బార్లో కూర్చుని కదలరు, వాళ్ళని చూసి మీరూ ఆగిపోవద్దు. 2012 జనవరి 13న కోస్తా కాంకోర్డియా అనే ప్రయాణికుల ఓడ ఇటలీలోని జిల్యో దీవి దగ్గర రాయికి తగిలి ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. ఇన్ని భాషలవాళ్ళున్న చోట చీకట్లో ఎవరేం చెబుతున్నారో అర్థం కాదు, దారి ముందే తెలిసి ఉండాలి.

రేవుల్లో దిగినప్పుడు రెండు సంగతులు. మార్సెయ్‌లో ఏ షాపులోకి వెళ్ళినా ముందు "బోంజూర్" అనాలి, అది అనకుండా ధర అడిగితే మొరటుతనం అనుకుంటారు. రోమ్ చర్చిల్లో భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి, మీ అత్తగారి చీరకి ఇబ్బంది లేదు, నీ డ్రెస్సు సంగతి నువ్వు చూసుకో. చెప్పులు మాత్రం విప్పక్కర్లేదు.

చివరిగా, షిప్పులో తెలుగువాళ్ళు తప్పకుండా కనిపిస్తారు, సాయంత్రానికల్లా ఒక గుంపు తయారవుతుంది, ఆవకాయ సీసా బయటికొస్తుంది. అది బాగానే ఉంటుంది కానీ, వారమంతా ఆ గుంపులోనే ఉండిపోతే చీపురుపల్లి నుంచి అంత దూరం వెళ్ళిందెందుకు? డైనింగ్ హాల్లో పెద్ద బల్ల, పరాయివాళ్ళతో కలిసి కూర్చునేది, అడిగి తీసుకో. మొదటి రాత్రి మాటలు రాకపోయినా కంగారు పడొద్దు. చైనా పెద్దవాళ్ళు ఎవరైనా తగిలితే మీ అత్తగారిని వాళ్ళ పక్కన కూర్చోబెట్టు, వాళ్ళు కూడా ఆవిడలాగే భోజనంతో వేడినీళ్ళే అడుగుతారు.

ఆదివారం మీ తమ్ముడు విజయనగరం వస్తున్నాడు, పలాస నుంచి తెప్పించిన జీడిపప్పు సీలు వేసిన ప్యాకెట్లు పంపిస్తున్నాను. బ్యాటరీ దీపాలు నువ్వు అక్కడే చూసుకో, ఇక్కడ దొరికినవి నాసిరకంగా ఉన్నాయి.

మీ పెద్ద మావయ్య,
కంచిలి