ప్రభుత్వ బడిలో మతాల గురించి ఎలా చెప్పాలి? గుంటూరు సోషల్ టీచరుకు జవాబు

గుంటూరు దగ్గర జడ్పీ హైస్కూల్లో ఏడో తరగతికి సోషల్ చెప్తున్నానని, మతాల పాఠాలు వస్తే పైపైన చదివించి వదిలేయమని తోటి టీచర్లు సలహా ఇస్తున్నారని రాశారు. దయచేసి వదిలేయకండి. బౌద్ధం, జైనం, భక్తి, సూఫీ పాఠాలు బడిలో చెప్పకపోతే పిల్లలు అవి వాట్సాప్ ఫార్వర్డుల్లో నేర్చుకుంటారు. ఎలా చెప్పాలో, ఎక్కడ బెడిసికొడుతుందో మేం బడుల్లో చూసినంతవరకు రాస్తాను.

ముందు చట్టం సంగతి, హెడ్మాస్టరు గారు అడిగేది అదే కాబట్టి. రాజ్యాంగం 28(1) అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధన ఉండకూడదు. ఎయిడెడ్ బడికైతే 28(3) వర్తిస్తుంది. పెద్దల సమ్మతి లేకుండా పిల్లల్ని ప్రార్థనలోనో మత బోధనలోనో కూర్చోబెట్టకూడదు. మతాల గురించి చదవడం దీనికిందకు రాదు. దేశంలో విద్య తీరు మీద వేసిన 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టూ మతాల గురించిన అధ్యయనాన్ని తప్పుపట్టలేదు. కాబట్టి ధైర్యంగా చెప్పొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. "చర్చికి వెళ్ళేవాళ్ళు చేతులెత్తండి" అని ఎప్పుడూ అడగకండి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్ళకే వర్తిస్తుంది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఉంటారు. ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబానికి సర్టిఫికెట్లో మరోలా ఉండొచ్చు. పిల్ల అమాయకంగా ఎత్తిన చెయ్యి రేపు ఆ ఇంటి స్కాలర్‌షిప్పు మీదకీ, సీటు మీదకీ రావచ్చు. అలాగే "నువ్వు సాయిబుల అబ్బాయివి కదా, నమాజు గురించి చెప్పు" అని ఒక్కణ్ణి లేపి నిలబెట్టకండి. దూదేకుల వాళ్ళ ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, ఆ అబ్బాయికి మీరనుకునేవేవీ తెలియకపోవచ్చు. తెలిసినా, పన్నెండేళ్ళ పిల్లవాడు ఒక మతం మొత్తానికీ జవాబుదారీ ఎందుకవ్వాలి?

బోర్డు మీద వాక్యం రాసే తీరులోనే సగం పని తేలిపోతుంది. "యేసు మూడో రోజున లేచాడు" అని కాదు, "యేసు మూడో రోజున తిరిగి లేచాడని క్రైస్తవులు నమ్ముతారు" అని రాయాలి. ఇది అన్ని మతాలకూ ఒకేలా పాటించాలి. ఎక్కువగా జరిగే పొరపాటేమిటంటే, పురాణ కథను జరిగిన సంగతిలా చెప్పి, పక్క మతం దగ్గరికొచ్చేసరికి "నమ్ముతారట" అంటాం. ఆ "అట" చాలు, పిల్లలకు అర్థమైపోతుంది. శాసనాలూ తవ్వకాలూ చెప్పే చరిత్రను మాత్రం నేరుగా చెప్పండి.

నాలుగు పీరియడ్లు చాలు. మొదటిది క్యాలెండరుతో మొదలుపెట్టండి, దీనికి ఏ ఇంటి నుంచీ అభ్యంతరం రాదు. వరసగా మూడేళ్ళ గోడ క్యాలెండర్లు తెప్పించి, అయిదుగురేసి పిల్లలకు ఒక సెట్ ఇచ్చి, ఉగాది, రంజాన్, ఈస్టర్, సంక్రాంతి తేదీలు పట్టికలో రాయించండి. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులు, సౌర సంవత్సరం 365. ముస్లింల హిజ్రీ క్యాలెండరు ఆ తేడాను సర్దదు కాబట్టి రంజాన్ ఏటా 10-11 రోజులు ముందే వస్తుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబర్లో మరోసారి రంజాన్ నెల మొదలవుతుంది. తెలుగు పంచాంగం సుమారు 32-33 నెలలకోసారి అధిక మాసం కలిపి ఆ తేడాను సర్దుకుంటుంది (2023లో అధిక శ్రావణం వచ్చింది), అందుకే ఉగాది మార్చి, ఏప్రిల్ దాటి పోదు. మార్చి 21న గానీ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టర్. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి కాబట్టి పెద్దగా కదలదు. ఈ లెక్క వేసిన పిల్లలు "వాళ్ళ పండగ తేదీ ఎందుకు మారిపోతుంది" అని వెక్కిరించడం మానేస్తారు.

రెండో పీరియడ్ ఉపవాసాల మీద. ఎప్పుడు మొదలు, ఎప్పుడు విరమణ, ఏం మానేస్తారు, ఎవరికి మినహాయింపు అని నాలుగు గడులు గీయించండి. రోజాలో, అంటే రంజాన్ ఉపవాసంలో, తెల్లవారుజాము సహరీ భోజనం నుంచి సూర్యాస్తమయం ఇఫ్తార్ దాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. చిన్నపిల్లలకు, రోగులకు, ప్రయాణంలో ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. క్రైస్తవుల ఉపవాసాల రోజులైన లెంటు కాలం విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఏకాదశి ఉపవాసం, సూర్యాస్తమయం తర్వాత తినని జైనుల నియమం కూడా చేర్చండి. ఒక్కో మతంలోపల తేడాలూ ఇక్కడే చెప్పాలి. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళ పద్ధతి లూథరన్లది కాదు, వైష్ణవుల ఏకాదశి నిష్ఠ అందరు హిందువులదీ కాదు.

మూడోది మన నేల మీది ఆధారాలు. నాగార్జునకొండ ఇక్ష్వాకు రాజవంశంలో శాంతమూలుడు అశ్వమేధం చేసిన రాజు, ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి (పెద్ద స్తూపానికి) దానాలిచ్చింది. ఇద్దరి సంగతీ శాసనాల్లోనే ఉంది. మూడో శతాబ్దంలో ఒకే ఇంట్లో రెండు దారులున్నాయని పుస్తకంలో వాక్యంగా చదవడం కంటే ఈ తోబుట్టువుల ద్వారా పిల్లలకు బాగా ఎక్కుతుంది. ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్ళ గురించీ ఒక మాట చెప్పాలి. గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం 1947 నుంచి విజయవాడలోనే ఉంది.

నాలుగో పీరియడ్ ప్రశ్నలకు. ముందురోజే పేరు రాయకుండా చీటీలు వేయించుకుని చదివి పెట్టుకోండి. "అసలు దేవుడెవరు?" అని తప్పకుండా వస్తుంది. "ఎవరు ఏం నమ్ముతారో, ఎందుకు నమ్ముతారో తెలుసుకోవడం ఈ పీరియడ్ పని. ఏది నిజమో ఇంట్లో మాట్లాడుకుని, పెద్దయ్యాక మీరే తేల్చుకోండి" అని చెప్పి ఆగండి. మీరు ఏం నమ్ముతారో చెప్పకండి. "వాళ్ళు ఎందుకు మతం మారారు?" అన్న చీటీ వస్తే దాన్ని చించేయకండి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ గురించి, మిషన్ బడుల గురించి, అంటరానితనం గురించి, మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశాన్ని హక్కుగా ఇచ్చే చట్టం 1947 దాకా రాకపోవడం గురించి ఉన్నదున్నట్టు చెప్పండి. పండగలూ పిండివంటలే చెప్పి ఇవి దాటేస్తే చదువు సగమే చెప్పినట్టు.

"అన్ని మతాలూ ఒకటే చెప్తాయి" అనే మాట కూడా వద్దు. మంచి మనసుతోనే అంటాం, కానీ అది నిజం కాదు. సృష్టికర్త లేడనే జైనం, విగ్రహారాధన కూడదనే ఇస్లాం, విగ్రహంలో దేవుణ్ణి చూసే సంప్రదాయం ఒకటే ఎలా అవుతాయి? తేడాలున్నా పక్కపక్కన బతకొచ్చని పిల్లలకు తెలియాలి. ఇక పూజారి గారిని, పాస్టరు గారిని, మౌలానా గారిని బడికి పిలిస్తే ఎంత మంచివాళ్ళైనా పది నిమిషాల్లో ప్రసంగంలోకి వెళ్ళిపోతారు. పిల్లల ప్రశ్నలు రాసి పంపి, వాళ్ళ జవాబులు క్లాసులో మీరే చదవండి. నమాజు, హారతి, ప్రభు భోజనం నటింపజేయడం అసలే వద్దు.

వారం ముందు ఏ రోజు ఏం చెప్తారో అర పేజీలో తెలుగులో రాసి ఇళ్ళకు పంపండి, ఒక కాపీ పేరెంట్స్ కమిటీకి ఇవ్వండి. అభ్యంతరాలు ఎక్కువగా విన్నదాని మీదే వస్తాయి, కాగితం చూశాక చాలావరకు తగ్గిపోతాయి. పరీక్షలో "మీ మతం గొప్పతనం రాయండి" లాంటి ప్రశ్న వద్దు, ఉపవాసాల పట్టికే అడగండి.

పిల్లల్ని తీసుకెళ్ళాలంటే ముందు అమరావతి స్తూపం, మ్యూజియం, లేదా ఉండవల్లి గుహలు చూపించండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. అమరేశ్వరుడి గుడి దగ్గరే ఉంది, టీచర్లకే వెళ్ళొద్దామనిపిస్తుంది, కానీ దర్శనం బడి కార్యక్రమంలో పెట్టకండి. బస్సు దిగిన దగ్గర్నుంచి ఎక్కేదాకా పిల్లలందరూ కలిసే ఉండేట్టు, ఎవరూ బయట మిగిలిపోకుండా ప్లాను వేసుకోండి.