ఫిజికల్ కెమిస్ట్రీకి భయపడి ఎమ్మెస్సీ మానుకోవద్దు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. వ్యవసాయ కుటుంబం. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు హనుమకొండలో బీఎస్సీ బీజెడ్‌సీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఆర్గానిక్, ఇనార్గానిక్ బాగానే వస్తున్నాయి. ఫిజికల్ కెమిస్ట్రీ మాత్రం ఎక్కడం లేదు. లెక్క కనబడితే చేతులు ఆడవు. నాకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయాలని ఉంది. నాన్న ‘లెక్కలు రానప్పుడు ఎందుకు, డిగ్రీ కాగానే బీఈడీ చెయ్’ అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ఎమ్మెస్సీ ఆలోచన మానుకోకండి. ఆర్గానిక్, ఇనార్గానిక్ బాగా వస్తున్నాయంటే మీకు కెమిస్ట్రీ వచ్చినట్టే. అడ్డుపడుతున్నది పదో తరగతితో మీరు వదిలేసిన గణితం. బైపీసీ పిల్లలకు రెండేళ్లు లెక్కల పేపరే ఉండదు. డిగ్రీ క్లాసులో మాత్రం సంవర్గమానాలు (లాగ్), అవకలనం, సమాకలనం అందరికీ వచ్చనుకుని పాఠం మొదలవుతుంది. అక్కడే చాలామంది చేతులెత్తేసి, సూత్రాలు బట్టీ పట్టి పాసైపోదామనుకుంటారు. మిగతా పేపర్లలో ఎలా నడిచినా, ఈ పేపర్లో బట్టీ పనిచేయదు.

మొదటి ఏడాదికి కావలసిన గణితం నిజానికి కొద్దిగానే ఉంటుంది. లాగ్ అంటే ఏమిటి, గ్రాఫులో వాలు ఎలా కనుక్కోవాలి, అవకలనం అంటే మార్పు రేటని అర్థం చేసుకోవడం, ఒకటి బై ఎక్స్‌ను సమాకలనం చేస్తే లాగ్ ఎందుకు వస్తుందన్నది. ఎంపీసీ చదివిన స్నేహితురాలి ఇంటర్ పుస్తకాలు అడిగి తెచ్చుకుని ఈ వేసవి సెలవుల్లో వీటి మీదే కూర్చోండి. త్రికోణమితి జోలికి ఇప్పుడే వెళ్లక్కర్లేదు.

తర్వాతిది ప్రమాణాలు, అంటే యూనిట్లు. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక మోల్ వాయువు 10 లీటర్ల పాత్రలో ఉంటే పీడనం ఎంత? ఉష్ణోగ్రతను కెల్విన్‌లో 300గా తీసుకుని, వాయు స్థిరాంకం 0.0821 వేస్తే సుమారు 2.46 అట్మాస్ఫియర్లు వస్తుంది. కెల్విన్‌లోకి మార్చకుండా 27 వేసేస్తే 0.22 వస్తుంది. అది తప్పని సూత్రం చెప్పదు, మీరే పట్టుకోవాలి. సున్నా డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ కింద ఒక మోల్ 22.4 లీటర్లు ఆక్రమిస్తుందని మీకు తెలుసు. దాన్ని 10 లీటర్లలో కుక్కితే పీడనం రెండుకు పైగా ఉండాలి కదా? ఇలా జవాబు ఎంత ఉండొచ్చో ముందే అంచనా వేసుకుని, ఆ తర్వాత కాలిక్యులేటర్ పట్టుకోండి. ఎనర్జీ లెక్కల్లో 8.314, లీటర్-అట్మాస్ఫియర్ లెక్కల్లో 0.0821. ఈ రెండూ కలగాపులగం కాకుండా ప్రతి మెట్టులోనూ అంకె పక్కన ప్రమాణం రాయండి.

మీది వ్యవసాయ కుటుంబమన్నారు. ఇంట్లో యూరియా బస్తా ఉండే ఉంటుంది. రామగుండం ఎరువుల కర్మాగారం సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమోనియా, 3,850 టన్నుల యూరియా. యూరియాను అమోనియాతోనే చేస్తారు. రెండు మోల్‌ల అమోనియాకు, అంటే 34 గ్రాములకు, ఒక మోల్, అంటే 60 గ్రాముల యూరియా రావాలి. ఆ లెక్కన 2,200 టన్నులకు ఎంతొస్తుందో వేసి చూడండి. 3,882 వస్తుంది, కర్మాగారం అంకెకు ఎంత దగ్గరగా ఉందో మీకే తెలుస్తుంది. ఇప్పుడు అసలు సంగతికి రండి. నత్రజని, హైడ్రోజన్ కలిసి అమోనియా కావడం ఉష్ణమోచక చర్య, అంటే వేడిని విడుదల చేసేది. సమతాస్థితి సూత్రం ప్రకారం ఉష్ణోగ్రత తగ్గించేకొద్దీ అమోనియా పెరగాలి. అయినా ఇలాంటి ప్లాంట్లలో 400 నుంచి 500 డిగ్రీల దగ్గర నడుపుతారు. చల్లగా ఉంటే చర్య ఎంతకీ సాగదు మరి. అందుకే ఇనుము ఉత్ప్రేరకం కూడా కావాలి. వేడి వల్ల తగ్గే దిగుబడిని అధిక పీడనంతో పూడుస్తారు. ఎంతవరకు జరుగుతుందో థర్మోడైనమిక్స్ చెబుతుంది, ఎంత వేగంగా జరుగుతుందో కైనటిక్స్ చెబుతుంది. మీ సిలబస్‌లో విడివిడి యూనిట్లుగా కనిపించే ఈ రెండూ ఒకే రియాక్టర్‌లో తలపడుతుంటాయి. ఈ ఒక్క ఉదాహరణను పూర్తిగా అర్థం చేసుకుంటే సగం భయం పోతుందని నా నమ్మకం.

ప్రాక్టికల్స్ గురించి గట్టిగా చెప్పాలి. మిథైల్ అసిటేట్ జలవిశ్లేషణ ప్రయోగం చాలా కాలేజీల్లో ఉంటుంది. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దింపేసే అలవాటూ ఉంది. దయచేసి అలా చేయకండి. మీ చేత్తో టైట్రేషన్ చేసి, మీకొచ్చిన అంకెలతో, మిగిలిన ఎస్టర్‌ను సూచించే విలువ లాగ్‌కూ కాలానికీ మధ్య గ్రాఫు గీయండి. బిందువులు సరళరేఖ మీదికి వస్తుంటే ప్రథమ క్రమాంక చర్య (మిగిలిన పదార్థం ఎంతుంటే అంత వేగంగా సాగేది) అంటే ఏమిటో కళ్లతో చూసినట్టవుతుంది. వంకర వచ్చినా ఎందుకొచ్చిందో మేడమ్‌ను అడగండి. ఆ ప్రశ్న పుస్తకంలో దొరకదు.

ఇక భవిష్యత్తు. రాష్ట్రంలోని యూనివర్సిటీల్లో పీజీకి సీపీగెట్ రాయాలి. ఐఐటీలకు జామ్. కెమిస్ట్రీ జామ్ సిలబస్‌లో ఫిజికల్ భాగానికి గణితమే మొదటి అంశం. కొన్ని సంస్థలు ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలని అడుగుతాయి కాబట్టి ప్రకటనలో అర్హతల పేజీ ముందే చూసుకోండి. ఎమ్మెస్సీలో చాలామంది ఆర్గానిక్ తీసుకుంటారు. హైదరాబాద్ చుట్టూ ఫార్మా కంపెనీలున్నాయి గనుక అది తప్పు కాదు. ఫిజికల్ స్పెషలైజేషన్‌కు కంపెనీ ఉద్యోగాలు తక్కువే, పరిశోధన వైపు దారి ఎక్కువ. అయితే ఫార్మాలో చేరినా ఈ పాఠం వెంట వస్తుంది. మందు ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చడానికి 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి చూస్తారు. అది మీరు చదువుతున్న కైనటిక్సే. మందు ప్రథమ క్రమాంకంలో విచ్ఛిన్నమవుతూ అర్ధాయువు (సగం పోవడానికి పట్టే కాలం) 693 రోజులైతే, పది శాతం పోవడానికి 105 రోజులు చాలు. ఈ 105 ఎలా వచ్చిందో మీరే చేసి చూడండి.

నాన్నగారికి ఒక మాట చెప్పండి. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయొచ్చు. జూనియర్ లెక్చరర్, గురుకులాల్లో పీజీటీ పోస్టులకు పీజీ తప్పనిసరి. ఆయన కోరుతున్న ఉపాధ్యాయ వృత్తిలోనే అది ఇంకో మెట్టు పైకి. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉండి ఆయన అలా అంటున్నారేమో కూడా మెల్లగా కనుక్కోండి. అదే కారణమైతే స్కాలర్‌షిప్ గురించి, హాస్టల్ గురించి కాలేజీ ఆఫీసులో ఇప్పటి నుంచే వివరాలు తీసుకోండి.