మబ్బుల్లో గ్రహణం

ప్రశ్న: 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం చూద్దామని డాబా ఎక్కితే ఒకటే మబ్బులు. సందు దొరికినప్పుడు తీసిన ఫోటోల్లో తెల్లటి ముద్ద తప్ప ఏమీ లేదు. ఈసారి ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వానాకాలం గ్రహణమంటే ఎవరికైనా టెన్షనే. కానీ ఆ రాత్రి సంపూర్ణ దశ 11 గంటల నుంచి 12.22 దాకా సాగింది, అంతసేపట్లో మబ్బు ఒక్కసారైనా విడిపోవచ్చు కాబట్టి ట్రైపాడ్ మడిచేసి కిందికి దిగిపోకండి. పొద్దున చూసిన వాతావరణ సూచన కంటే, వాతావరణ శాఖ సైట్‌లో ఇన్సాట్ ఉపగ్రహం తీసిన తాజా చిత్రాలు చూస్తే మబ్బు ఎటు కదులుతోందో తెలుస్తుంది.

ఆ తెల్ల ముద్దకు కారణం వెలుగు ఎక్కువ కావడమే. ఫోన్‌లో చంద్రుడి మీద వేలు పెట్టి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును మచ్చలు కనిపించేదాకా కిందికి జరపండి. కెమెరా అయితే మామూలు పున్నమి చంద్రుడికి ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 200, ఎఫ్/8 (లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 250వ వంతు చాలు. సంపూర్ణ దశలో చంద్రుడు మసకబారి ఎర్రబడ్డాక మాత్రం ఐఎస్‌ఓ 800 పెట్టినా షట్టర్ ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉండాలి, అంతసేపు కెమెరా కదలకూడదు, అందుకే ట్రైపాడ్, సెల్ఫ్ టైమర్. లెన్సు మీద మంచు చెమ్మ చేరుతుంది, తుడుస్తూ ఉండండి.

2028 డిసెంబరు 31 రాత్రి మనకు మళ్లీ సంపూర్ణ గ్రహణం ఉంది. చలికాలం కదా, ఆకాశం కాస్త కనికరించవచ్చు. న్యూ ఇయర్ పార్టీ సంగతి మీ ఇంట్లోవాళ్లతో మీరే తేల్చుకోండి!