పగలంతా నిగ్రహం, రాత్రి వంటింట్లో ఆకలి

ప్రశ్న: నా వయసు 34 సంవత్సరాలు. హనుమకొండలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. రెండవ కాన్పు తరువాత పెరిగిన బరువు తగ్గాలని ఉదయం టిఫిన్ మానేసి, మధ్యాహ్నం ఒక్క జొన్న రొట్టెతో సరిపెట్టుకుంటున్నాను. అన్నం ముట్టడం లేదు. కానీ వారంలో రెండు మూడు రాత్రులు, అందరూ పడుకున్నాక, డబ్బాలోని సకినాలు, మిగిలిన అన్నం, పిల్లల బిస్కెట్లు ఏది దొరికితే అది తినేస్తున్నాను. ఆ తరువాత నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఈ మధ్య 11 ఏళ్ల మా అమ్మాయి కూడా "అన్నం తింటే లావైతరంట, నాకొద్దు" అంటోంది. నాకు మనోనిబ్బరం లేదా?
– ఒక సోదరి, హనుమకొండ

సమాధానం: మీకు లేనిది మనోనిబ్బరం కాదమ్మా, పగటి పూట చాలినంత భోజనం. ఉదయం నుంచి సాయంత్రం దాకా నిలబడి పాఠాలు చెప్పి, ఇంటికి వచ్చి ఇద్దరు పిల్లల పని చూసుకునే మనిషికి ఒక్క జొన్న రొట్టె ఏ లెక్కన చూసినా సరిపోదు. రాత్రి మిమ్మల్ని వంటింటికి నడిపిస్తున్నది చాలావరకు ఆ లోటే.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1944–45లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలల పాటు, రోజుకు సుమారు 1,570 కేలరీలకే పరిమితం చేసిన ఆహారం ఇచ్చి పరిశీలించారు. వారి బరువు నాలుగో వంతు వరకు తగ్గింది. కానీ అంతకంటే గమనించదగినది, అంతకుముందు తిండి గురించి పెద్దగా ఆలోచించని ఆ యువకులు రోజంతా తిండి ధ్యాసలోనే గడిపారు, వంటల పుస్తకాలు ముందేసుకుని చదివారు, నియమం సడలించిన తరువాత కొందరు కడుపు నిండా తిన్నా ఆకలి తీరలేదన్నారు. వాళ్లు బలహీన మనస్కులు కారు. చాలినంత తిండి అందనప్పుడు శరీరం మనసును తిండి వైపే తిప్పుతుంది. మీ ఇంట్లో రాత్రి పూట జరుగుతున్నదీ అదే.

కాబట్టి రాత్రి తినడాన్ని ఎలా ఆపాలన్న ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టి, ఉదయం తినడంతో మొదలుపెట్టండి. ఇడ్లీ, ఉప్మా, గుడ్డుతో రొట్టె, ఏదైనా సరే, బడికి బయలుదేరే ముందు కడుపులో పడాలి. మధ్యాహ్నం డబ్బాలోకి అన్నాన్ని తిరిగి రానివ్వండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా అన్నం మానమనలేదు. ధాన్యాలు, చిరుధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతానికి మించకుండా చూసుకుని, మిగతా చోటు పప్పులకు, కూరగాయలకు, ఆకుకూరలకు, పాలు పెరుగులకు ఇమ్మన్నాయి. మన ఇళ్లలో కష్టం అన్నంతో కాదు, అన్నం గుట్టగా పోసి పక్కన రెండు చెంచాల కూర వేసుకోవడంతో. పుంటికూర పప్పు, గంగవాయిలి కూర, పెరుగు ధారాళంగా వడ్డించుకుంటే అన్నం దానంతట అదే తన కొలతకు వస్తుంది. సాయంత్రం బడి నుంచి రాగానే మళ్లీ ఏదో ఒకటి తినండి, ఎందుకంటే మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య ఉన్న ఆ పొడవైన ఖాళీయే ఎక్కువ మందిని దెబ్బతీస్తుంది.

సకినాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వాటిని డబ్బాలో దాచి, నిషేధించి, చీకట్లో నిలబడి తినడం కంటే, సాయంత్రం టీతో పాటు రెండు మూడు పళ్లెంలో పెట్టుకుని, పిల్లల పక్కన కూర్చుని, నువ్వుల రుచి, వాము ఘాటు తెలిసేలా నమిలి తినండి. రేపు కూడా దొరుకుతాయని నమ్మకం కుదిరిన పదార్థం మీద ఆత్రం నెమ్మదిగా తగ్గుతుంది. మొదటి వారాల్లో కాస్త ఎక్కువే తినవచ్చు, బరువు కూడా అటూ ఇటూ కావచ్చు. దానికి భయపడి మళ్లీ టిఫిన్ మానవద్దని నా గట్టి విన్నపం.

మీ అమ్మాయి మాటను తేలికగా తీసుకోకండి. ఆ వయసులో ఆడపిల్లలు పొడవు సాగే ముందు కాస్త ఒళ్లు చేయడం సహజమైన ఎదుగుదల. ఆమె ముందు మీ ఒంటి గురించి గానీ, ఆమె ఒంటి గురించి గానీ వ్యాఖ్యలు వద్దు. నాయనమ్మతో సహా ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పాలి. ఎలిన్ సాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు సూచించిన పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది: ఏం వండాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల బాధ్యత, ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల నిర్ణయం. మీరు ఆమెతో కూర్చుని అన్నం కలుపుకుని తింటే, మీరు చెప్పే పాఠం కంటే అదే బాగా తలకెక్కుతుంది.

ఒక హెచ్చరిక. అదుపు తప్పి తినడం వారానికి ఒకసారైనా చొప్పున మూడు నెలలుగా సాగుతుంటే, లేదా తిన్నది కక్కేయాలనిపిస్తుంటే, అది చికిత్స ఉన్న ఆరోగ్య సమస్య. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలి మానస్ సేవలో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. మానసిక వైద్యులను కలవడానికి సిగ్గుపడవద్దు. ఆ వెళ్లినప్పుడే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించుకోండి.

ప్రశ్న: మా నాన్నకు 62 ఏళ్లు, షుగర్‌కు మాత్రలు వాడుతున్నారు. ఇంట్లో అందరం ఆయన పళ్లెం మీదే కన్నేసి ఉంచుతాం. ఆయన మాత్రం బయట హోటల్లో చాటుగా స్వీట్లు తింటున్నారు. సద్దుల బతుకమ్మ నాడు మలీద పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, పరకాల

సమాధానం: పెట్టవచ్చు, చిన్న ముద్ద, భోజనం తరువాత, అందరితో పాటు. ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించి, కూర, పప్పు ముందు తిని అన్నం చివర తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. జొన్న రొట్టె అయితే ఎన్నైనా తినవచ్చన్న అపోహ మాత్రం వద్దు, అదీ షుగర్‌ను పెంచేదే. స్వీటు తిన్నానని మరుసటి పూట భోజనం మానేసి మాత్ర వేసుకోవడం ఇంకా ప్రమాదకరం; కొన్ని మాత్రలతో షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మలీద తిన్న రెండు గంటల తరువాత షుగర్ చూసి, ఆ అంకెను పుస్తకంలో రాసి తదుపరిసారి డాక్టరుకు చూపించండి. దాన్ని పట్టుకుని నాన్నగారిని మందలించవద్దని మీ అమ్మగారికి కూడా చెప్పండి.