గుమ్మం దగ్గర ఖాళీ గ్లాసు

ప్రశ్న: మావారు లెక్చరర్‌గా పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యారు. అప్పటినుంచి ఇంట్లో ఏది పాడైనా వీడియోలు చూసి తానే బాగుచేస్తానంటున్నారు. స్నానాలగదికీ పడకగదికీ మధ్య గోడ చెమ్మగిల్లి రంగు ఊడిపోతుంటే, గీకి రెండుసార్లు పుట్టీ పెట్టి రంగు వేశారు. నెల తిరగకుండానే మళ్లీ బుడగలు లేచాయి. గీజరు దగ్గర పైపు కారుతుంటే తెల్లటి ప్లాస్టిక్ పైపు ముక్క తెచ్చి అతికించారు. ఈమధ్య అక్కడ కుళాయి తిప్పితే వేళ్లు జివ్వుమంటున్నాయి. ఆయన ఊళ్లో లేని రోజు చూసి ప్లంబరును పిలిపించాను. మావారేమో అనుకున్నదానికంటే ముందే ఇంటికి వచ్చేశారు. “ఈ అతుకు ఎవరు వేశారమ్మా?” అని ప్లంబరు నవ్వితే, నేనూ నవ్వి, గుమ్మంలో నిలబడ్డ ఆయన వైపు గడ్డంతో చూపించాను. ప్లంబరును అప్పుడే పంపేశారు. పన్నెండు రోజులుగా మా మధ్య మాటల్లేవు. కాఫీ కావాలంటే ఖాళీ గ్లాసు వంటింటి గుమ్మం దగ్గర పెట్టి వెళ్తున్నారు. ఈయన్ను మార్చేదెలా?
- ఒక గృహిణి, కాకినాడ

జవాబు: ముందు లేచి వెళ్లి మెయిన్ బోర్డులో గీజరుకు వెళ్లే ఎంసీబీ స్విచ్చును దించేసి రండి. మిగతాది తర్వాత చదవవచ్చు.

కుళాయి ముట్టుకుంటే జివ్వుమనడం ఆలుమగల తగాదాల్లో చేర్చే విషయం కాదు. గీజరు లోపల నీళ్లు కాచే కాయిలు చిట్లి ఉండవచ్చు, వైరు ఎక్కడో ఒరుసుకుపోయి ఉండవచ్చు. ఎర్తింగు సరిగా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోవాలి. మీ వేళ్లదాకా వచ్చిందంటే అక్కడ కూడా లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఎలక్ట్రీషియన్ వచ్చి రెండూ చూసి సరేననేవరకు గీజరు వాడకండి, పొయ్యి మీద నీళ్లు కాచుకోండి. బోర్డులో ఆర్‌సీసీబీ అనే స్విచ్చు ఉందో లేదో కూడా అతనితో చూపించుకోండి. ఎంసీబీ ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది ముఖ్యంగా వైర్లను కాపాడేది. మనిషి కోసం ఉన్నది, 30 మిల్లీఆంపియర్లు దారి తప్పితే చాలు, కరెంటు తెంచేసే ఆర్‌సీసీబీ. ప్లగ్గు ఏ సాకెట్టులో ఉందో కూడా గమనించమనండి. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. ఈ ఒక్క పనికి మీవారి అనుమతి అడగనక్కరలేదు. “రేపు పొద్దున ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు” అని చెప్పండి, చాలు. చాటుగా మాత్రం వద్దు.

ఆ తెల్ల పైపు ముక్క కూడా తీయించేయాలి. మామూలు పీవీసీ వేడినీళ్లకు మెత్తబడి అతుకు వదిలేస్తుంది. గీజరుకు వాడే సీపీవీసీ లేత పసుపు రంగులో ఉంటుంది, 90 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. మీవారు అతికించడం చక్కగానే అతికించి ఉంటారు, కొన్న పైపు వేరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఇక గోడ. పుట్టీ ఎందుకు నిలవడం లేదంటే, నీళ్లు వెనకనుంచి వస్తున్నాయి. ఇటుకలోంచి, సిమెంటులోంచి వచ్చే తడి తనతో ఉప్పును మోసుకొస్తుంది. పైకి వచ్చి తడి ఆరిపోతుంది, ఉప్పు అక్కడే గడ్డకట్టి రంగును బయటికి తోస్తుంది. బుడగను గోటితో గిల్లి చూడండి, లోపల తెల్లటి పొడి రాలుతుంది. ఎంత ఖరీదైన పుట్టీ పెట్టినా ఆ తోపుడు ఆగదు. వీడియోలో గోడ పది నిమిషాల్లో బాగవుతుంది, ఆరడానికి పట్టిన రోజులన్నీ కత్తిరించేస్తారు.

నీళ్లు ఎక్కడివో తేల్చే పని మీవారికే అప్పగించండి. సైన్సు చెప్పినా తెలుగు చెప్పినా, జీవితమంతా పాఠం చెప్పిన మనిషికి ఇది సరిపోయే పని. రాత్రి పైన ట్యాంకు నింపి, నీటిమట్టం దగ్గర గీత పెట్టి, కుళాయిలన్నీ కట్టేసి పడుకోవాలి. రాత్రి ఎవరూ చుక్క వాడకూడదు. తెల్లారేసరికి మట్టం దిగిందంటే ఎక్కడో పైపు కారుతోంది, లేదా ఫ్లష్ ట్యాంకు కారుతోంది. ఫ్లష్ ట్యాంకులో చెంచాడు పసుపు కలిపి అరగంట ఊరుకుంటే ఆ అనుమానం తీరిపోతుంది, కారుతుంటే కింద కమోడ్‌లో పసుపు నీళ్లు కనిపిస్తాయి. మట్టం దిగకపోతే అనుమానం నేల మీదికి మళ్లుతుంది. నీళ్లు పోయే జాలీని గుడ్డతో బిగించి, గడప దాటనంత ఎత్తున ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి, అవతలి గోడను చూడాలి. కొత్తగా చెమ్మ ఎక్కితే టైల్స్ సందుల్లో సిమెంటు పోయి ఉండాలి, లేదా జాలీ చుట్టూ నెర్ర ఉండాలి. సందులు నింపడం మీవారు చేయగలరు. గోడ చెక్కి పైపు మార్చడం మాత్రం ప్లంబరుకు వదలాలి.

కారడం ఆగాక కూడా రంగుకు తొందరపడవద్దు. పెచ్చులన్నీ రాల్చేసి, అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. లోపలి వైపు చెమట పడితే గోడ ఇంకా తడే. సముద్రపు గాలి ఉన్న మీ ఊళ్లో ఆరడానికి వారాలు పట్టవచ్చు, వానాకాలమైతే నెలలు కూడా.

ఇప్పుడు మీవారి సంగతి. ప్లంబరును పిలిచినందుకు మిమ్మల్ని తప్పు పట్టను. చేతికి షాక్ కొడుతున్న ఇంట్లో ఆమాత్రం చేయాల్సిందే. కానీ ఆ గడ్డంతో చూపించడం ఉంది చూశారూ, అది ఎముకలో గుచ్చుకుంది. నిన్నటిదాకా ఆయన బోర్డు మీద గీత గీస్తే అరవై మంది రాసుకునేవారు. ఇవాళ ఆయన మాటకు పని పడేది కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడానికే. డబ్బు మిగల్చడానికి ఆయన స్పానర్ పట్టుకున్నారనుకోను. పిల్లనిచ్చిన మామ ముందు ఓడిపోయినా మగవాడు తట్టుకుంటాడు గానీ, పనివాడి ముందు భార్య నవ్వితే తట్టుకోవడం కష్టం. అది గొప్ప గుణమని అనడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను. నేనూ ఒకసారి వాషరు మార్చబోయి, వాల్వు కట్టడం మరచి కుళాయి విప్పాను. వంటిల్లంతా తడిసింది. మా ఆవిడ ఒక్క మాట అనకుండా బకెట్టు తెచ్చింది. ఆ మౌనానికే నేను రెండు రోజులు ఉడికిపోయాను.

ఆయన్ను మార్చాలని చూడకండి. పనులు పంచుకోండి. వాషర్లు, తలుపు బందులు, ఫ్లష్ ట్యాంకులో ఫ్లోటు, ఆరిన గోడకు రంగు, నెలకోసారి ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి చూడటం ఆయనవి. కరెంటు, గ్యాసు, నిచ్చెన ఎక్కి చేసేవి ఆయనవి కావు. ఆ వయసులో నిచ్చెన మీదినుంచి పడితే తుంటి ఎముక విరుగుతుంది, తర్వాత మంచం పట్టిన మనిషికి చాకిరీ చేయాల్సింది మీరే. మొదలుపెట్టిన ప్రతి పనికీ క్యాలెండర్ మీద ఒక తేదీ ఆయన చేతే రాయించండి. ఆ తేదీ దాటితే పనివాడు వస్తాడు, ఎవరూ అలగకూడదు. ఈసారి ప్లంబరు వచ్చినప్పుడు ట్యాంకు మీద గీతలు చూపించి మాట్లాడేది కూడా ఆయనే కావాలి. మీ అబ్బాయో అమ్మాయో ఉంటే వాళ్లను మధ్యవర్తులుగా లాగకండి, ఆయనకు ఇంకో తరగతి ముందు నిలబడ్డట్టు ఉంటుంది.

ఈ జవాబులో గోడ గురించి రాసినంతమేరకు ఆయనకు చదివి వినిపించండి, మిగతాది మీకే. రేపు పొద్దున గుమ్మం దగ్గర గ్లాసు కనిపిస్తే కాఫీ పోసి అక్కడే పెట్టకండి. ఆయన కూర్చున్న చోటికి తీసుకెళ్లి చేతికివ్వండి. “ఆ రోజు నేను నవ్వడం తప్పు. ప్లంబరును పిలవడం తప్పు కాదు” అనండి. ఇదే వరుసలో చెప్పండి, తిరగేస్తే మళ్లీ పన్నెండు రోజులు.