డాలర్ పద్దు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఎం.ఏ. ప్రాజెక్టు కోసం మన దేశ సేవల దిగుమతుల అంకెలు, మారక రేటు తీసుకున్నాను. మా కాలనీలో చాలా ఇళ్ల పిల్లలు అమెరికాలో చదువుతున్నారు. వాళ్ల ఫీజులు ఇందులో ఉంటాయా? డాలర్లను రూపాయల్లోకి ఏ రేటుతో మార్చాలి?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఉంటాయి. విదేశాల్లో పొందే సేవలకు మన నివాసులు కట్టేదే సేవల దిగుమతి. ఫీజే కాదు, అక్కడి గది అద్దె, కిరాణా సామాను ఖర్చు కూడా ఉంటుంది. చెల్లింపుల శేషం (మన దేశానికీ బయటి దేశాలకూ మధ్య జరిగే లావాదేవీల పట్టిక) లెక్కల్లో ఏడాదికి మించి వేరే దేశంలో ఉండేవాళ్లను ఆ దేశ నివాసులుగా చూస్తారు. చదువుకు, వైద్యానికి వెళ్లినవాళ్లకు ఈ నియమం లేదు. నాలుగేళ్లు చదివినా హనుమకొండ అమ్మాయి భారత నివాసే. అందుకే ఆమె అక్కడ పెట్టే ఖర్చు 'ప్రయాణం' అనే పద్దులో పడుతుంది. చాలామంది 'విద్య' అనే పద్దు కోసం వెతికి, అంకె లేదనుకుంటారు. విమానం టికెట్ సంగతి వేరు. విదేశీ విమాన సంస్థ దగ్గర కొంటే 'రవాణా' పద్దులోకి వెళ్తుంది, మన సంస్థ దగ్గర కొంటే అసలు దిగుమతే కాదు.

ఇక మార్పిడి. 2023-24లో మన సేవల దిగుమతులు దాదాపు 178 బిలియన్ డాలర్లు, ఎగుమతులు దాదాపు 341 బిలియన్లు. బిలియన్ అంటే 100 కోట్లు కాబట్టి దిగుమతులు 17,800 కోట్ల డాలర్లు. ఇది ఏడాది పొడవునా జరిగిన ఖర్చు, కాబట్టి ఆ ఏడాది సగటు రేటుతోనే గుణించాలి. సగటు దాదాపు 82.80 రూపాయలు. అలా చేస్తే సుమారు 14.74 లక్షల కోట్ల రూపాయలు వస్తాయి. మార్చి ఆఖరి రేటు 83.37తో గుణించారా, దాదాపు పది వేల కోట్లు ఎక్కువ తేలుతుంది! ఏడాది చివరి రేటు విదేశీ మారక నిల్వల్లాంటి వాటికి పనికొస్తుంది, ఎందుకంటే అవి ఒక రోజున ఉన్న మొత్తాలు. ఇంకో మాట. ప్రపంచ బ్యాంకు ఇచ్చే అధికారిక మారక రేటు జనవరి-డిసెంబర్ సగటు, పైన నేను చెప్పినవి ఏప్రిల్-మార్చి అంకెలు. రెండూ కలిపితే ప్రాజెక్టు మొదటి పేజీలోనే తప్పు దొర్లుతుంది. కొనుగోలు శక్తి రేటు అని పక్కనే కనిపించే ఇరవై రూపాయల చుట్టుపక్కల అంకెను ఇక్కడ ముట్టుకోకండి. అది ధరలను పోల్చడానికి, ఫీజు కట్టడానికి కాదు.

ప్రశ్న: మా తమ్ముడు ఆరేళ్లుగా దుబాయ్‌లో కూలి చేస్తున్నాడు. నెలనెలా పంపే పైసలు సేవల ఎగుమతేనా?
– ఒక రైతు, జగిత్యాల

జవాబు: కాదు. ఏడాది దాటింది కాబట్టి లెక్కల్లో ఆయన అక్కడి నివాసి. ఇంటికి పంపేది 'ద్వితీయ ఆదాయం' (బదులుగా ఏమీ ఇవ్వకుండా అందే డబ్బు) పద్దులో వ్యక్తిగత బదిలీ కింద చేరుతుంది. ఏడాది లోపు పనికి వెళ్లొస్తే మాత్రం ఆ జీతం 'ప్రాథమిక ఆదాయం'. ఎన్నారై ఖాతాలో డిపాజిట్ చేస్తే అది లెక్కల్లో 'ఆర్థిక ఖాతా' అనే పద్దులోకి (పెట్టుబడులు, డిపాజిట్లు, అప్పులు ఉండేది) పోతుంది. ఆ ఎన్నారై డిపాజిట్‌లోంచి ఇక్కడ ఖర్చుకు తీసిన రోజున బదిలీగా మారుతుంది. మీ ఇంటికి వచ్చే పైసలు అవే, పద్దు మాత్రం మారుతోంది.

ప్రశ్న: డాలర్ రేటు 85 అని టీవీలో చూసి, విదేశానికి డబ్బు పంపడానికి వెళ్తే బ్యాంకులో ఎక్కువ తీసుకున్నారు. ఎందుకు?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: టీవీలో చెప్పేది బ్యాంకుల మధ్య రేటు. మీకు వర్తించేది టీటీ సెల్లింగ్ రేటు, అంటే విదేశానికి పంపేందుకు బ్యాంకు మీకు డాలర్లు అమ్మే రేటు. ఉదాహరణకు అది 86.20 అనుకోండి. వెయ్యి డాలర్లకు తేడా 1,200 రూపాయలు. మార్పిడి మొత్తం లక్ష లోపు ఉంటే అందులో ఒక శాతాన్ని సేవ విలువగా తీసుకుని దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తారు: 86,200లో ఒక శాతం 862, దానిపై పన్ను 155 రూపాయలు. స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య విదేశీ చెల్లింపుల సందేశాలు పంపే వ్యవస్థ) చార్జీ దీనికి అదనం. రేటు ఫోన్‌లో అడిగి ఊరుకోకుండా, అన్నీ కలిపి ఖాతాలోంచి ఎంత పోతుందో రాసిమ్మనండి. రెండు మూడు బ్యాంకుల్లో అడిగాకే పంపండి.