వాచీ కొనండి, ఇన్వెస్ట్‌మెంట్ అని మాత్రం అనకండి

కూకట్‌పల్లి నుంచి ఒకాయన అడిగారు: బోనస్ 11 లక్షలు వచ్చింది, జెగర్ లెకూల్ట్ర్ కంపెనీ రివర్సో వాచీ మీద మనసు పడింది, 9.5 లక్షలు చెప్తున్నారు, వెనకాల మా పాప పేరు చెక్కించాలనుంది, షాపులో "ఇన్వెస్ట్‌మెంట్ సార్" అంటున్నారు, నిజమేనా?

సార్, మీ టేస్ట్‌కి మాత్రం దండం. అసలు అది పుట్టడానికి కారణమే మన దేశంలో పోలో ఆడిన బ్రిటిష్ ఆఫీసర్లు, ఆటలో వాచీ అద్దాలు పగిలిపోతున్నాయని గోల పెడితే 1931లో కేసుని పక్కకి జరిపి బోర్లా తిప్పేసేలా చేశారు. ఆ తిప్పుడులోనే ఉంది పనితనమంతా, పట్టాల మీద జారాలి, లూజు ఉండకూడదు, చివర్లో టిక్కుమని పడాలి. లోపల 822 మూవ్‌మెంట్, అంటే వాచీని నడిపే యంత్రం, అది కూడా కేసులాగే పొడుగు చదరం, మందం 3 మిల్లీమీటర్లు కూడా లేదు, అందులోనే అటూ ఇటూ ఊగుతూ టైమ్ కొలిచే బ్యాలెన్స్ వీల్ సెకనుకి 6 బీట్లు కొడుతూ ఉంటుంది. వెనక మూత స్టీలు కాబట్టి మీకు కనపడదు కూడా, అయినా లోపల పాలిష్ పెట్టే ఉంటారు! మా నాన్న రోజూ పొద్దున్నే హెచ్ఎంటీ జనతాకి కీ ఇచ్చేవారు, దీనికీ అంతే, కీ ఇస్తేనే నడుస్తుంది.

మీరు డబ్బులిచ్చేది ఆ చేతిపనికి, అది కొన్నరోజే ఖర్చయిపోయినట్టు. ఇలాంటి డ్రెస్ వాచీలు, అంటే సూటూబూటూ మీదకి పెట్టుకునేవి, ఎక్కువశాతం షాపు గడప దాటగానే రేటు తగ్గుతాయి, పైగా కొన్నేళ్లకోసారి సర్వీసింగ్, ఆ ఖర్చెంతో కొనేముందే రాయించుకోండి. రేటు 10 లక్షలు దాటే మోడల్ అయితే 1 శాతం టీసీఎస్, అంటే షాపువాళ్లు ముందుగానే వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్, కూడా పైన వేస్తారు, అది రిటర్న్‌లో సర్దుకోవచ్చులెండి.

ఇప్పుడు మీ లెక్క. హోమ్ లోన్ 38 లక్షలు 8.6 శాతానికి ఉందన్నారు, ఎమర్జెన్సీ ఫండ్ ఒక్క నెల జీతం. ఈ 9.5 లక్షలు లోన్‌లో కడితే మొదటి ఏడాదే 80 వేల దాకా వడ్డీ తప్పుతుంది. నేనైతే ముందు ఆరు నెలల ఖర్చులు ఎఫ్‌డీలో పడేస్తా, మిగిలింది లోన్‌కి, వాచీకి వచ్చే నెల నుంచి ఆర్‌డీ. ఈఎంఐ మాత్రం వద్దు సార్.

ఇంకోటి, పేరు చెక్కించిన వాచీని వేరేవాళ్లు మంచి రేటుకి కొనరు. మీరు పాప పేరు రాయించాలనుకున్నప్పుడే అమ్మే ఉద్దేశం లేదని తేలిపోయింది కదా, మరి షాపువాడి ఇన్వెస్ట్‌మెంట్ మాటతో మీకేం పని?